ఏలినోళ్లు, ఏకినోళ్లు

ఏడో తరగతిలో మొగలాయీల పాఠం వచ్చిన రోజు మాకింకా గుర్తుంది. బాబరు పానిపట్టు దాకా వచ్చాడని సారు పుస్తకం చూసి చదివారు. చదివి, పుస్తకం మూసి, చివరి బెంచీ వైపు చూశారు. చివరి బెంచీలో మేం ముగ్గురం ఉన్నాం. ఒకరి నాయన దూదేకేవాడు. ఒకరి నాయనది బస్టాండు పక్కన సైకిళ్ల రిపేరు షాపు. ఒకరి నాయన కొట్టులో మాంసం కొట్టేవాడు. సారు నవ్వుతూనే అన్నారు, 'మీవాళ్లే కదరా, వందల ఏళ్లు మమ్మల్ని ఏలింది' అని. నలభై తలలు ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి.

ఆ సారు చెడ్డవారేం కాదు. ఫీజు కట్టలేకపోతే తన జేబులోంచి కట్టిన మనిషి. ఆయనకు మా మీద ద్వేషం లేదు. ఆయనకు తెలిసిందే ఆయన చెప్పారు. అందుకే ఆ మాట మాకు మరీ లోతుగా దిగింది. ద్వేషంతో అన్న మాటయితే తిరిగి తిట్టి మరిచిపోయేవాళ్లం.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి జేజిని అడిగాం, 'జేజీ, మనోళ్లు రాజ్యం ఏలినారంట నిజమేనా?' అని. జేజి బొంత కుడుతోంది. సూది ఆపకుండానే అంది: 'ఏలినారా? యాడ నాయనా? మీ జేజినాయనా నేనూ విల్లు బుజానేసుకొని ఊర్లూర్లు తిరిగితిమి. పరుపు ఏకి కుట్టిచ్చినాక వాకిట్లో కూసుంటే ముద్ద పెట్టినారు. లోపలికి రమ్మన్నోళ్లు లేరు. ఏలినోళ్లు వాకిట్లో కూసుంటారా?'

జేజి చదువుకోలేదు. కానీ చరిత్ర గురించి ఆమె అడిగిన ప్రశ్నకు సమానమైన ప్రశ్న ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా మాకు దొరకలేదు.

* * *

మేం దూదేకులోళ్లం. కొందరు పింజారీ అంటారు, కొందరు లద్దాఫ్ అంటారు, కొందరు నూర్‌బాషా అంటారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. నమాజులో సూరాలు అరబ్బీ, అర్థం చెప్పుకునేది తెలుగు. పీర్ల పండక్కి గుండం తవ్వేదీ మేమే, ఉగాదికి వేపపూత తెచ్చేదీ మేమే. తురకలేమో మమ్మల్ని సగం తురకలంటారు. హిందువులేమో పూర్తి తురకలంటారు. 'తురకల్లేని ఊళ్లో దూదేకులోడే ముల్లా' అని సామెత. అంటే తురకలుంటే మేం ఏమీ కామని అర్థం.

మా పని చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ. ఇంటి దూలానికి విల్లు వేలాడుతుంది. ఆ విల్లుకు బిగించిన నరాన్ని దూది కుప్పలో ఉంచి చెక్క గుండుతో కొడితే టంయ్ టంయ్ మని మోగుతుంది. గట్టిపడిన దూది విడిపోయి మంచులా లేస్తుంది. లేచిన దూదిలో సగం పరుపులోకి పోతుంది. మిగిలింది ఏకేవాడి ముక్కులోకి, గొంతులోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మా జేజినాయన దగ్గుతూ దగ్గుతూ పోయాడు. ఊళ్లో ఎందరి పెళ్లి పరుపులు ఆయన చేతి మీదుగా పోయాయో లెక్కలేదు. ఆయన పడుకున్నది మాత్రం ఈతాకు చాప మీద.

ఇంక మా పేరు సంగతి. తెలుగు సినిమాలో ఒకడు ఇంకొకణ్ణి 'పింజారి వెధవా' అని తిడతాడు. హాలంతా నవ్వుతుంది. ఆ హాల్లో నేల టికెట్టులో మేం కూడా కూచుని ఉంటాం. నవ్వాలో వద్దో తెలీదు. ఒక మాట మీరే చెప్పండి. వందల ఏళ్లు ఏలిన జాతి పేరు ఎక్కడైనా తిట్టు అవుతుందా? ఏలినవాళ్ల పేర్లు ఊళ్లకు పెడతారు, రోడ్లకు పెడతారు, కోటలకు పెడతారు. తిట్లకు పెట్టేది చాకిరీ చేసినవాళ్ల పేర్లనే.

* * *

అయితే ఒక నిజం దాచకూడదు. ఏలామన్న మాట మాకూ కొన్నాళ్లు తియ్యగానే ఉంది.

మేం ఇంటరుకొచ్చేసరికి మసీదుకు బయటి ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చి బయాన్ చేశారు. 'మీరెవరనుకుంటున్నారు? స్పెయిన్ నుంచి సింధు దాకా ఏలిన ఉమ్మత్ మీరు. కుస్తుంతునియాను గెలిచింది మీరు. ఎర్రకోట కట్టింది మీరు. ఇప్పుడెందుకు తలొంచుకు తిరుగుతున్నారు?' అన్నారు. అంతా ఉర్దూలో. మాలో సగంమందికి అర్థం కాక పక్కనున్నాయన తెలుగులో చెప్పాడు. మా వైభవాన్ని కూడా మాకు ఇంకొకరు తర్జుమా చేసి చెప్పాల్సి వచ్చింది. అయినా ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తారీఖ్, సలాహుద్దీన్, ఫాతిహ్ మెహ్మద్ పేర్లు నోటుబుక్కు అట్టల మీద రాసుకున్నాం. రోజంతా పంక్చర్లు వేసే పిల్లోడికి సాయంత్రం నమాజు తర్వాత ఒక సామ్రాజ్యం దొరికితే ఎట్లుంటుందో అది అనుభవించినోళ్లకే తెలుస్తుంది.

కొన్నేళ్లకు మాలో ఒకడికి పెళ్లి సంబంధం చూడబోయాం. వాళ్లు పెద్ద ఖాన్‌దాన్. చాయ్ ఇచ్చారు, పేరడిగారు, ఊరడిగారు. తర్వాత వాళ్ల పెద్దాయన 'దూదేకుల వాళ్లా? మీరసలు తురకలేనా?' అన్నాడు. చాయ్ సగం కప్పులోనే ఉండిపోయింది. బస్సులో తిరిగొస్తుంటే మాలో మాంసం కొట్టు వాడు అన్నాడు: 'బడిలో ఏలినోళ్లమంటిరి. ఈడ తురకలే కాదంటిరి. నడిమధ్యన మనమెవరం రా?'

ఆ బస్సులో అడిగిన ప్రశ్నతోనే మేం చరిత్ర చదవడం మొదలుపెట్టాం. బడి కోసం కాదు, పరీక్ష కోసం కాదు. ఆ సామ్రాజ్యాల్లో మావాళ్లు ఎక్కడున్నారో వెతుక్కోవడానికి.

* * *

వెతికితే మొదట తెలిసింది ఇది. 'ఇస్లాం సామ్రాజ్యం' అనేది ఒకటి లేదు. అనేకం ఉన్నాయి. ఒకదాన్నొకటి నరుక్కున్నాయి.

ప్రవక్త పోయిన ముప్పై ఏళ్లకే, 661లో, ఉమయ్యాలు డమాస్కస్‌లో గద్దెనెక్కారు. ఖలీఫా పదవి తండ్రి నుంచి కొడుక్కి పోయే ఆస్తి అయింది. 680లో కర్బలా మైదానంలో ప్రవక్త మనవడు హుసేన్‌ను చంపింది ఏ కాఫిరూ కాదు. ఖలీఫా యజీద్ సైన్యం. ప్రతి ఏడూ మన ఊళ్లలో పీర్లెత్తి ఏడ్చేది ఆ చావుకే. అంటే మా ఊరి పండగే ఒక సామ్రాజ్యం మీద ఫిర్యాదు. మేం అది తెలీకుండానే ఇన్నేళ్లు గుండం చుట్టూ తిరిగాం.

ఉమయ్యాల కాలంలో అరబ్బులు కానివాళ్లు కలిమా చదివి ముస్లిములైతే వాళ్లను 'మవాలీ' అన్నారు. దీన్‌లో అందరూ సమానమే. దివాణంలో మాత్రం కాదు. ఇరాకు గవర్నరు హజ్జాజ్ కాలంలో మతం మారిన రైతులు పట్నాలకు వస్తే తిరిగి పల్లెలకు తరిమారు. ముస్లిమేతరుల నుంచి తీసుకోవాల్సిన జిజియాను వాళ్ల నుంచీ వసూలు చేశారు. మనుషులు మతంలోకి వస్తుంటే ఖజానా తరిగిపోతుందని సర్కారు భయపడింది. 717లో ఖలీఫా అయిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ ఇది అన్యాయమన్నాడు, ముస్లిమైనవాడి నుంచి జిజియా తీసుకోవద్దన్నాడు. ఆయన ఏలింది మూడేళ్లు కూడా లేదు. 720లో పోయాడు.

ఆ మవాలీల కోపం కూడా తోడై 750లో ఉమయ్యాలు కూలి అబ్బాసీలు వచ్చారు. ఖురాసాన్ నుంచి సైన్యం నడిపి వాళ్లను గద్దెనెక్కించిన అబూ ముస్లిం అరబ్బు కులీనుడు కాడు. గద్దెనెక్కిన అయిదేళ్లకు, 755లో, ఖలీఫా మన్సూర్ అతణ్ణి పిలిపించి చంపించాడు. ఓట్లేయించుకుని గెలిచినోళ్లు ఏం చేస్తారో మాకు తెలుసు. కత్తితో గెలిచినోళ్లదీ అదే కథ.

అదే మన్సూర్ 762లో బాగ్దాద్ నగరానికి పునాది వేశాడు. ఆ నగరం గొప్పదే. మేం కాదనం. గ్రీకు వైద్యాన్ని అరబ్బీలోకి తెచ్చిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ క్రైస్తవుడు. ఇక్కడి అంకెలతో లెక్క చెయ్యడమెట్లాగో రాసిన ఖ్వారిజ్మీ ముస్లిం. మనదేశం అంకెలు అటుపోయి, అక్కణ్ణుంచి ప్రపంచమంతా తిరిగాయి. ఇదంతా నిజం. దీన్ని తలుచుకుంటే మాకు ఇప్పటికీ గుండె నిండుతుంది. కానీ అదే కాలంలో బస్రా దగ్గర ఉప్పు తేలిన చవుడు నేలల్లో తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు పైమట్టి తవ్వి పోస్తున్నారు. వాళ్లే 869లో తిరగబడ్డారు. 883 దాకా పద్నాలుగేళ్లు ఖలీఫా సైన్యాలతో పోరాడారు. జంజ్ తిరుగుబాటు అంటారు. బయాన్ చేసిన పెద్దాయన బాగ్దాద్ గురించి చెప్పారు. ఉప్పు తవ్వినోళ్ల గురించి చెప్పలేదు.

* * *

ఆ బాగ్దాద్‌లోనే మాకు మావాడు దొరికాడు.

హుసేన్ ఇబ్న్ మన్సూర్ అల్ హల్లాజ్. మన్సూర్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. 'అనల్ హఖ్' అన్నాడని సూఫీలు చెప్పుకునే మనిషి. 'హల్లాజ్' అంటే అర్థం మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. హల్లాజ్ అంటే దూదేకేవాడు. ఆ మాట చదివిన రోజు పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూచున్నాం. అరబ్బీలో మా పేరు అది. సుల్తాను కాదు, బాద్‌షా కాదు. దూదేకేవాడు.

హల్లాజ్ ఊళ్లు తిరిగాడు, ఈ దేశం దాకా వచ్చాడు. దర్బారు పండితులతో కాక బజారులో జనంతో మాట్లాడాడు. ధాన్యం ధరలు పెరిగి బాగ్దాద్‌లో జనం గోల చేస్తున్న రోజులవి. అతని మాట జనం వింటున్నారని దర్బారు భయపడింది. ఏళ్ల తరబడి ఖైదులో ఉంచారు. 922లో ఖలీఫా ముఖ్తదిర్ కాలంలో, వజీరు హామిద్ పట్టుబట్టి చావు శిక్ష వేయించాడు. కొరడాలతో కొట్టారు, కాళ్లూ చేతులూ నరికారు, తల తీశారు. శవాన్ని కాల్చి బూడిదను టైగ్రిస్ నదిలో కలిపారు. కారణం మతం తప్పాడని రాశారు. చంపింది ఇస్లాం సామ్రాజ్యం. చచ్చింది ముస్లిం.

ఉత్తరాదిలో మాలాంటి దూదేకే కులం వాళ్లు ఇప్పటికీ 'మన్సూరీ' అని పేరు చివర పెట్టుకుంటారు. ఎవరూ 'ముఖ్తదిరీ' అని పెట్టుకోలేదు. వెయ్యేళ్ల తర్వాత కూడా కూలోళ్లకు గుర్తున్నది చచ్చినవాడే, చంపించినవాడు కాదు.

అప్పుడు ఇంకో సంగతి గమనించాం. మనం గొప్పగా చెప్పుకునే పేర్లలో ఎన్ని పనివాళ్ల పేర్లో! ఉమర్ ఖయ్యాం పేరు తెలుగు వాళ్లకు కొత్త కాదు. ఖయ్యాం అంటే గుడారాలు కుట్టేవాడు. హల్లాజ్ కథను తర్వాతి కాలాలకు అందించిన ఫరీదుద్దీన్ అత్తార్ పేరుకు అత్తర్లు, మూలికలు అమ్మేవాడని అర్థం. హద్దాద్ అంటే కమ్మరి. ఇవి మాకు తెలిసిన పేర్లు. మా వీధిలో ఉండే పేర్లు.

మరి ఢిల్లీ సుల్తానుల దగ్గర మా కులాల గతి ఏమిటి? మహమ్మద్ బిన్ తుగ్లక్ దర్బారులో ఉన్న జియావుద్దీన్ బరనీ పద్నాలుగో శతాబ్దంలో రాజనీతి గ్రంథం రాశాడు. తక్కువ పుట్టుక పుట్టిన ముస్లిములకు నమాజు, రోజాలకు సరిపడా తప్ప చదువు చెప్పకూడదని, చెబితే వాళ్లు పెద్ద పదవులకు ఎగబాకుతారని అందులో వాదించాడు. మనువు ఒక్కడే అనుకున్నాం. ఫారసీలో కూడా ఒకడున్నాడు. ఆ పెళ్లిచూపుల ఇంట్లో పెద్దాయన ఆ పుస్తకం చదివి ఉండడు. చదవక్కర్లేదు. అది ఇళ్లల్లోకి ఎప్పుడో వచ్చేసింది.

* * *

ఇప్పుడు మా సారు దగ్గరికి వద్దాం. బాబరు మావాడే అన్నారు కదా. 1526లో పానిపట్టులో బాబరు ఓడించింది ఎవరిని? ఇబ్రహీం లోడీని. అతడూ ముస్లిమే. ఆ మైదానంలోనే చచ్చాడు. మరి మేం గెలిచామా, ఓడామా? 1398లో తైమూరు ఢిల్లీని దోచి జనాన్ని ఊచకోత కోసినప్పుడు అక్కడ సుల్తాను తుగ్లక్. నాలుగేళ్లకు అదే తైమూరు అంకారా దగ్గర ఉస్మానీ సుల్తాను బయాజీద్‌ను ఓడించి బందీ చేశాడు. 1514లో చాల్దిరాన్‌లో ఉస్మానీ సలీమూ ఇరాన్ షా ఇస్మాయిలూ తలపడ్డారు. 1517లో అదే సలీం ఈజిప్టు మమ్లూకుల్ని కూల్చాడు. 1595లో మూడో మెహ్మద్ గద్దెనెక్కగానే పంతొమ్మిదిమంది తమ్ముళ్లను చంపించాడు. 1739లో నాదిర్ షా ఢిల్లీ మీద పడ్డప్పుడు తెగిన తలల్లో హిందువుల తలలూ ఉన్నాయి, ముస్లిముల తలలూ ఉన్నాయి. రాజ్యం మతం చూసి యుద్ధం చెయ్యదు. చేసిన యుద్ధానికి మతం పేరు తర్వాత పెడుతుంది.

ఇక మన నేల సంగతి. గోల్కొండ కుతుబ్‌షాహీలు మా తెలుగు వాళ్లకు పరాయివాళ్లు కారు. ఇబ్రహీం కుతుబ్‌షా గద్దెనెక్కక ముందు ఏడేళ్లు విజయనగరంలో రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను అచ్చతెలుగులో రాసి, పటాన్‌చెరులో ఉన్న అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. ఫర్మానాలు ఫారసీతో పాటు తెలుగులోనూ రాశారు. చివరి రాజు తానీషా కొలువులో మంత్రి మాదన్న, అతని అన్న అక్కన్న బ్రాహ్మణులు. ఇంకోపక్క, ఆశ్రయమిచ్చిన విజయనగరాన్నే 1565లో రక్కసి తంగడి దగ్గర కూల్చిన సుల్తానుల్లో ఆ ఇబ్రహీమే ఒకడు. రాజులంటే అంతే. పద్యం వినే చెవీ, కత్తి పట్టే చెయ్యీ ఒకే మనిషివి.

ఆ గోల్కొండను 1687లో ఎనిమిది నెలలు ముట్టడించి మింగింది ఔరంగజేబు. తోటి ముస్లిం రాజ్యాల మీద దాడి ధర్మం కాదని చెప్పిన ఆయన ఖాజీ షేకుల్ ఇస్లాం పదవి వదిలేసి మక్కా పోయాడని చరిత్రకారులు రాశారు. ఆలంగీరుకు ఖాజీ మాట అక్కర్లేకపోయింది. తానీషా దౌలతాబాదు ఖైదులోనే చచ్చాడు. ఔరంగజేబు మావాడంటారా? మా తెలుగు రాజ్యాన్ని కూల్చింది అతనే. మరి మా తానీషా ఎవరివాడు?

ఇక్కడొక మాట తప్పించుకోకుండా చెప్పాలి. మా రచయితల్లో కొందరు రాజుల తప్పులన్నిటినీ తెల్లవాళ్లు అల్లిన కట్టుకథలంటారు. మేం అలా అనం. 1669లో ఔరంగజేబు కాలంలో కాశీ విశ్వనాథుడి గుడి పడగొట్టారు. 1679లో అతను మళ్లీ జిజియా వేశాడు. అవి జరిగాయి. అక్కడ దేవుణ్ణి పోగొట్టుకున్నవాడి నొప్పి నిజమైన నొప్పి. దాన్ని కాదన్నవాళ్లకు 1992 డిసెంబర్ 6 గురించి ఏడ్చే హక్కుండదు. అయితే ఆ పడగొట్టినవాడి ఖాతా మా పేరు మీద ఎందుకు రాస్తున్నారన్నదే మా ప్రశ్న. అతడి దర్బారులో పెద్ద పెద్ద మన్సబుదార్లలో రాజపుత్రులున్నారు, మరాఠాలున్నారు. దూదేకులోళ్లు లేరు.

* * *

రాజ్యం పోయినప్పుడు ఎవరికేం పోతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు.

1924 మార్చి 3న టర్కీ ఖిలాఫత్‌ను రద్దు చేసింది. ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను దేశం దాటించారు. అంతకుముందు అదే ఖిలాఫత్ కోసం ఇక్కడ మా తాతల తరం వాళ్లు జైళ్లకు పోయారు. ఆ ఖలీఫాకు హైదరాబాదు నిజాం నెలనెలా భత్యం పంపాడు. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఖలీఫా కూతురు దుర్రె షెహ్వార్ నిజాం పెద్దకొడుకు భార్య అయింది. ఉస్మానీ వంశపు ఇంకో పిల్ల నీలోఫర్ రెండో కొడుకును చేసుకుంది. హైదరాబాదులో పిల్లల్ని తీసుకుపోయే నీలోఫర్ ఆస్పత్రికి ఆ పేరు అట్లా వచ్చింది. రాజ్యాలు కూలినా రాజులకు రాజులు దొరుకుతారు.

మరి జనానికి? 1948లో రజాకార్లు నిజాం గద్దె కోసం ఊళ్ల మీద పడ్డారు. ఆ దుర్మార్గాన్ని పత్రికలో ఎండగట్టిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఆ ఆగస్టులో చంపారు. అతడూ ముస్లిమే. సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి. సర్కారే పంపిన పండిత సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చచ్చారని రాసింది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రాలేదు. చచ్చినోళ్లలో ఎక్కువమంది మాలాంటి ముస్లిములు.

నిజాం? 1950 జనవరి 26 నుంచి 1956 దాకా ఆయన రాజప్రముఖ్. ఏలినాయనకు హోదా మిగిలింది. ఏలనోళ్లకు గోరీ కూడా మిగలలేదు.

మాది కర్నూలు వైపు. తుంగభద్ర ఇవతల మద్రాసు రాష్ట్రం, అవతల నిజాం రాజ్యం. ఆ ఏడాది ఏరు దాటి మూటలతో వచ్చిన ఒక కుటుంబాన్ని మా జేజి ఇంట్లో పెట్టుకుంది. వాళ్లూ దూది పనివాళ్లే. జేజి ఎప్పుడూ చెప్పేది: 'ఆ యమ్మ మూటలో ఏముండె అనుకున్యారు? విల్లు నరం. అదొక్కటే తెచ్చుకున్యది. మళ్లీ బతకాల గదా.'

* * *

తరాలు మారాయి. ఏకే మిషన్లు వచ్చాయి, నురగ పరుపులు వచ్చాయి. మా విల్లు దూలానికే వేలాడుతోంది. మా కులం ఇప్పుడు సర్కారు లెక్కల్లో బీసీ-బి. పిల్లల ఫీజు రాయితీ కోసం ఎమ్మార్వో ఆఫీసు వరండాలో సర్టిఫికెట్టుకు నిలబడే ప్రపంచ విజేతలం మేం. 2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క ప్రకారం 2001లో దేశంలో అక్షరాస్యత 65.1 శాతముంటే ముస్లిములది 59.1 శాతం. బరనీ కోరిక ఇంకా పూర్తిగా చావలేదు.

2025 మార్చిలో ఔరంగజేబు సమాధి తీసెయ్యాలన్న గొడవలో నాగపూరులో రాళ్లు పడ్డాయి, ఇళ్లు, బండ్లు కాలాయి, కర్ఫ్యూ పెట్టారు. 1707లో చచ్చినవాడి కోసం బతికున్నోళ్ల దుకాణాలు మూతపడ్డాయి. ఆ వారంలోనే మాలో సైకిల్ షాపాయన మనవరాలు బడి నుంచి వచ్చి అడిగింది. మాకు నలభై ఏళ్ల కిందటి చివరి బెంచీ కళ్ల ముందు కొచ్చింది.

'తాతా, ఔరంగజేబు మనోడంట కదా?'

ఆ పిల్లను దూదేకులింటికి తీసుకుపోయి విల్లు చూపించాం. నరం ఎప్పుడో తెగిపోయింది. హల్లాజ్ కథ చెప్పాం. అంతా విని ఆ పిల్ల, 'మరి అతన్ని చంపించిన ఖలీఫా కూడా ముస్లిమే కదా. అతనూ మనోడేనా?' అంది.

మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. కాదు అనేస్తే సులువు. కానీ అది అబద్ధం. ఇద్దరూ ఒకే కలిమా చదివారు. అదే చెప్పాం. 'ఇద్దరూ ముస్లిములే తల్లీ. ఒకడు ఏలినోడు, ఒకడు ఏకినోడు. మనం ఏకినోళ్ల ఇంట్లో పుట్టినాం' అన్నాం. ఆ పిల్ల నోటుబుక్కులో విల్లు బొమ్మ వేసుకుంది. కింద 'హల్లాజ్' అని రాసుకుంది. మా నోటుబుక్కు అట్టల మీద లేని పేరది.

బయాన్ చేసే పెద్దలకు మా మనవి: మాకు సామ్రాజ్యాలు పంచకండి. చదువు పంచండి, పిల్లనివ్వండి, పక్కన కూచోబెట్టుకోండి. సెక్యులర్ మిత్రులకు ఒక మనవి: అక్బరు మంచివాడని చెప్పి మమ్మల్ని ఓదార్చకండి. మంచి రాజు కూడా మా తాత కాదు. ఇక బడిలో పాఠం చెప్పే సార్లకు, టీచరమ్మలకు: మొగలాయీల పాఠం తప్పకుండా చెప్పండి. గుడి పడగొట్టింది చెప్పండి, గోల్కొండ పడగొట్టింది చెప్పండి, తాజ్‌మహల్‌కు రాళ్లు మోసినోళ్ల సంగతీ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం పుస్తకం వైపు చూడండి. చివరి బెంచీ వైపు చూడకండి.